నాన్న ఏసీలో గ్యాసు

2025 జూలైలో ఒక శనివారం డాలస్‌లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ముప్పై మందిని పిలిచాం. బయట 103 డిగ్రీలు, మన సెల్సియస్ లెక్కలో 39 పైన. అయ్యగారు కలశం పెట్టి, మొదటి కథ ముగించి, రెండో కథలోకి వెళ్లారో లేదో పట్టుచీరలన్నీ విసనకర్రలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఏసీ తిరుగుతోంది, గాలీ వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. "స్వామివారు పరీక్షిస్తున్నారు" అన్నారు అయ్యగారు. ఆ పరీక్షలో ఎవరం పాసయ్యామో తెలీదు కానీ, మిగిలిన కథలు మాత్రం ఎక్స్‌ప్రెస్ రైలులా వెళ్లిపోయాయి. కొబ్బరికాయ కొట్టడం, ప్రసాదం పంచడం, ఎవరి కార్లో వాళ్లు ఏసీ పెట్టుకుని వెళ్లిపోవడం గంటలో అయిపోయాయి. మేం మిగిలాం, నాలుగు ట్రేల పులిహోర మిగిలింది.

సాయంత్రం టెక్నీషియన్ వచ్చాడు. శనివారం కాబట్టి రేటు ఎక్కువ అని ముందే చెప్పాడు. పెరట్లో ఉన్న యూనిట్‌కి రెండు గొట్టాలు తగిలించాడు. చిన్న సూట్‌కేసంత మెషిన్ ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. దాని పక్కన ఒక త్రాసు, త్రాసు మీద ఒక సిలిండరు. ఇరవై ఏళ్లకి పైగా ఈ దేశంలో ఏసీ కింద బతుకుతున్నాను కానీ, ఒకడు గ్యాసు తూచడం నేను నిలబడి చూసింది అదే మొదటిసారి.

"ఏం తూస్తున్నావు?" అని అడిగాను.

"నీ యూనిట్‌లో మిగిలిన గ్యాసు. గాల్లోకి వదలకూడదు. వదిలితే నా లైసెన్సు పోతుంది" అన్నాడు.

యూనిట్ మీదున్న ప్లేటు ప్రకారం అందులో తొమ్మిది పౌండ్ల గ్యాసు ఉండాలి. సిలిండరులోకి వచ్చింది అయిదు పౌండ్లు. మిగతా నాలుగు ఏమయ్యాయని అడిగితే, అతను మాట్లాడకుండా చూపుడువేలు ఆకాశం వైపు చూపించాడు.

మా నాన్నకి నేను ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. ఆ మర్నాడూ చేశాను. వ్రతం బాగా జరిగిందని చెప్పాను, ఎవరెవరు వచ్చారో చెప్పాను, పులిహోర మిగిలిందని కూడా చెప్పాను. ఏసీ సంగతి మాత్రం చెప్పలేదు. యాభై దాటినవాణ్ణి, ఎనభై దాటిన తండ్రి దగ్గర ఏసీ గ్యాసు గురించి దాచడం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. ఎందుకు దాచానో చెప్పాలంటే కొత్తగూడెం వెళ్లాలి.

* * *

మా నాన్న సింగరేణిలో 36 ఏళ్లు పనిచేశారు. గనిలోకి దిగిన మనిషి కాదు, తూకం గుమాస్తా. ఖాళీ వ్యాగన్ తూకం ఎంత, నిండు వ్యాగన్ తూకం ఎంత, తేడా ఎంత. ఆ తేడాయే బొగ్గు. రోజూ అదే లెక్క. ఇంటికొచ్చాక కూడా ఆయనకి ఆ జబ్బు వదిలేది కాదు. కూరగాయల వాడి త్రాసుని అనుమానంగా చూసేవారు. గ్యాస్ బండ వస్తే మీదున్న ఖాళీ తూకం అంకె చదివి, బాత్రూమ్ త్రాసు మీద పెట్టించి, తేడా తీసి, అప్పుడు డబ్బులిచ్చేవారు. బండ తెచ్చిన కుర్రాడు మా వీధి మొదట్లోనే దణ్ణం పెట్టుకునేవాడు.

కొత్తగూడెం ఎండ గురించి ఖమ్మం వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కోస్తా వాళ్లు రెంటచింతల గురించి గొప్పలు చెబితే మేం ఒప్పుకునేవాళ్లం కాదు. చిన్నప్పుడు మేలో మధ్యాహ్నం కిటికీకి వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లడం, బయటికెళ్తే జేబులో ఉల్లిపాయ పెట్టుకోవడం, కుండలో మజ్జిగ, సాయంత్రం తాటిముంజలు, రాత్రి డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకోవడం. అర్ధరాత్రి దాటాక ఎక్కడినుంచో ఒక చల్లగాలి వచ్చేది. ఆ గాలి కోసమే అందరం మెలకువగా ఉండేవాళ్లం.

నేను అమెరికా వచ్చి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక ఏసీ పెట్టిస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "డాబా ఉండగా ఏసీ ఎందుకురా" అనేవారు. పదేళ్లు ఇదే మాట. కానీ నేను వెళ్లినప్పుడల్లా గమనిస్తూనే ఉన్నాను. ఆ అర్ధరాత్రి చల్లగాలి రావడం తగ్గిపోయింది. చుట్టూ మేడలు లేచాయి, చెట్లు పోయాయి, పగలు తాగిన వేడిని గోడలు తెల్లవార్లూ కక్కుతున్నాయి.

2015 మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది వడదెబ్బకి పోయారు. అంతకు ముందు 2003లోనూ వెయ్యి మందికి పైగా పోయారు. టీవీలో ఆ అంకెలు చూసినప్పుడు అయ్యో అనుకుని చానెల్ మార్చేవాణ్ణి. ఆ ఏడు మా పక్కింటి మామయ్య, నాన్నతో కలిసి ఉద్యోగంలో చేరిన మనిషి, పెళ్లికని పొద్దున బస్సెక్కి మధ్యాహ్నం తిరిగొచ్చాడు. తల తిరుగుతోందని పడుకున్నాడు. చీకటి పడేలోపు ప్రాణం పోయింది. అమ్మ ఫోన్లో ఏడుస్తూ, "మీ నాన్న కూడా ఆ పెళ్లికి వెళ్లాల్సిందిరా, మోకాలు నొప్పని ఆగారు" అంది.

ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండుకి ఫోన్ చేశాను. మూడు రోజుల్లో కొత్తగూడెం ఇంట్లో టన్నున్నర ఏసీ బిగించారు. నాన్నని అడగలేదు, ఆయన వద్దనీ అనలేదు. పక్కింట్లో ఇంకా దినకర్మలు జరుగుతున్నాయి.

* * *

2019 మేలో నేను వెళ్లేసరికి ఆ ఏసీ చల్లగా లేదు. "ఏముంది, గ్యాసు అయిపోయి ఉంటుంది, కిందటేడూ కొట్టించాం, ఆ ముందేడూ కొట్టించాం" అంది అమ్మ, పాల ప్యాకెట్ సంగతి చెప్పినంత మామూలుగా. మెకానిక్ కుర్రాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి, చురుకైనవాడు. స్పానర్‌తో వాల్వు తిప్పాడు. ఉస్స్‌మని చప్పుడు వచ్చింది. నిమిషం పాటు వచ్చింది. చల్లటి తెల్లటి పొగలా కాస్త కనబడి మాయమైంది.

"ఏమిటది?" అన్నాను.

"పాత గ్యాసన్నా. వదిలేసి కొత్తది కొట్టాలి."

కొత్తది ఎంత పట్టిందో కూడా తూచలేదు. గేజి చూశాడు, పైపు పట్టుకుని చూశాడు, సరిపోయిందన్నాడు. లీకు ఎక్కడుందో వెతకలేదు. తప్పు అతనిది కాదు. సీజన్‌లో రోజుకి పది ఇళ్లు తిరగాలి, లీకు వెతికితే రెండు ఇళ్లే అవుతాయి. ఆ రెండింటి వాళ్లూ "గ్యాసు కొట్టమంటే గోడ తవ్వుతావేంటి" అంటారు.

ఆ ఉస్స్ చప్పుడు నాతోపాటు డాలస్ వచ్చేసింది. ఆ గ్యాసు ఏమిటి, ఎక్కడికి పోతుంది అని చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఒక చోట సికింద్రాబాద్ పేరు కనబడి ఆగిపోయాను.

వీరభద్రన్ రామనాథన్ అనే శాస్త్రవేత్త పేరు మీరు విని ఉండొచ్చు. మదురైలో పుట్టిన తమిళుడు. అన్నామలై యూనివర్సిటీలో 1965లో ఇంజనీరింగ్ పూర్తిచేసి, సికింద్రాబాద్‌లో ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో ఉద్యోగానికి చేరారు. అక్కడ ఆయన పని ఏమిటంటే, ఫ్రిజ్‌లలోంచి గ్యాసు ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం! ఆ పని ఆయనకి పెద్దగా నచ్చలేదట. తర్వాత బెంగళూరు, అక్కణ్ణుంచి అమెరికా. అదే గ్యాసు ఆయన్ని ఇక్కడ మళ్లీ పట్టుకుంది.

ఆ గ్యాసు కథ కూడా ఈ దేశంలోనే మొదలైంది. తొలినాటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. లీకైతే మనుషులు చచ్చిపోయేవారు. 1928లో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన బృందం విషం కాని, మంట అంటుకోని గ్యాసు తయారుచేసింది. మనం ఫ్రియాన్ అంటామే, ఆ కుటుంబం. 1930లో ఆయన సభలో అందరి ముందు ఆ గ్యాసు గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది దాన్ని ఆర్పి చూపించాడు. మనిషికి హాని లేదు, నిప్పు భయం లేదు. ఇంకేం కావాలి? నలభై ఏళ్లపాటు ఎవరికీ ఇంకే అనుమానమూ రాలేదు.

1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గ్యాసు పైకెళ్లి ఓజోన్ పొరని తినేస్తుందని లెక్కగట్టారు. ఆ మరుసటి ఏడు, 1975లో, నాసాలో పనిచేస్తున్న రామనాథన్ ఇంకో సంగతి బయటపెట్టారు. ఇది భూమిని వేడెక్కిస్తుంది కూడా. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే పది వేల రెట్లకి పైగా.

ఎలాగంటే, మన వాతావరణం భూమికి కప్పిన దుప్పటి. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఆ దుప్పటి. కానీ దుప్పటిలో ఒక చిరుగుంది. కొన్ని రకాల వేడి కిరణాలు ఆ చిరుగులోంచి అంతరిక్షంలోకి జారిపోతాయి. ఆ చిరుగే మనకి రాత్రుళ్లు కాస్త ఊపిరి. ఈ ఫ్రిజ్ గ్యాసులు సరిగ్గా వెళ్లి ఆ చిరుగుకి మాసిక వేస్తాయి. దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పితే తేడా కొంచెమే తెలుస్తుంది. చిరుగు మూసేస్తే వెంటనే తెలుస్తుంది. అందుకే పిసరంత గ్యాసుకి అంత బలం.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆనాటి ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ-12 అనే గ్యాసు గాల్లో సుమారు వందేళ్లు ఉంటుంది. అంటే రామనాథన్ సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కారిపోయిన గ్యాసులో సగానికి పైగా ఇవాళ్టికీ మన తల మీదే ఉంది.

* * *

నాన్న ఏసీలో ఉన్నది ఆ పాత గ్యాసు కాదు. దాని తమ్ముడు, ఆర్-22. ఓజోన్‌కి దాని హాని తక్కువ. కానీ వేడి లెక్కలో ఒక కిలో ఆర్-22 సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. టన్నున్నర ఏసీలో కిలో దాకా పడుతుంది. మూడు వేసవులు గ్యాసు కొట్టించాం కాబట్టి మూడు కిలోలు. అంటే అయిదు టన్నులకి పైగా. అమెరికాలో ఒక మామూలు కారు ఏడాదంతా తిరిగితే వదిలేది సుమారు 4.6 టన్నులు. నేను హైవే మీద రోజూ తిప్పే కారు కన్నా, నాన్నని బతికించడానికి నేను కొన్న ఏసీ గాలికి వదిలిందే ఎక్కువ!

ఇక కరెంటు. రాత్రికి పది యూనిట్లు వేసుకోండి. కొత్తగూడెం కరెంటు అంటే బొగ్గే. పక్కనే పాల్వంచలో థర్మల్ స్టేషన్. బొగ్గు కరెంటుకి యూనిట్‌కి దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్. నాలుగు నెలలకి టన్నూ రెండొందల కిలోలు. అంటే ఏడాదికోసారి గ్యాసు వదిలెయ్యడం వల్ల జరిగే నష్టం, వేసవంతా కాల్చిన కరెంటు నష్టం కన్నా ఎక్కువ. ఈ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. కరెంటు బిల్లు ఇంటికొస్తుంది. గ్యాసు బిల్లు రాదు.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని, ఒక ఆదివారం ఫోన్లో నాన్నకి చదివి వినిపించాను. కాస్త గొప్పగానే. ఆయన అంతా విని, "అయితే ఏసీ కట్టెయ్యమంటావా?" అన్నారు.

ఏం చెప్పను? అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నులు, ఇండియాలో సుమారు 2 టన్నులు. రెండేళ్లకోసారి కుటుంబంతో విమానమెక్కి, ఎవరూ లేని గదులకి కూడా ఏసీ వేసే నేను, ఎనభయ్యో పడిలో పడుతున్న మనిషిని ఒక గదిలో ఒక ఏసీ కట్టెయ్యమనాలా? "కట్టొద్దు నాన్నా" అన్నాను.

కాసేపాగి ఆయనే అన్నారు. "ఒరేయ్, నేను ముప్ఫయ్యారేళ్లు బొగ్గు తూచాను. ఎంత బయటికి వచ్చిందో రాశాను. కాలిన తర్వాత ఎంతయిందో ఎవరూ నన్నడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు."

టన్ను బొగ్గు కాలిస్తే టన్నుకి మించే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది నాన్నా, బొగ్గు గాల్లోని ఆక్సిజన్‌ని కూడా పట్టుకుపోతుంది కదా అన్నాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. తూకంలో ఇంత పెద్ద తేడా తన రిజిస్టరులోకి ఎక్కలేదన్న సంగతి ఆయనకి అంత తొందరగా మింగుడు పడలేదనుకుంటాను. నా ఇంజనీరింగ్ ఫీజు, చెల్లి పెళ్లి, మా డాబా ఇల్లు, అన్నీ ఆ బొగ్గే. దాన్ని తిట్టే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు.

* * *

కోవిడ్ అయ్యాక 2022లో వెళ్లినప్పుడు నేను హైదరాబాద్ నుంచి ఒక గ్యాసు రికవరీ మెషిన్, ఖాళీ సిలిండరు, ఒక త్రాసు కొని కొత్తగూడెం పట్టుకెళ్లాను. డాలస్‌లోని నలుగురు స్నేహితులం తలా కొంత వేసుకున్నాం. ఆ మెకానిక్ కుర్రాడికి ఇస్తే, అతను దాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశాడు. గౌరవంగానే, కానీ ఎప్పుడు వెళ్తాడా అన్నట్టు. "టైం పడుతుందన్నా" అన్నాడు. నిజమే, ఇంటికి అరగంట, ముప్పావుగంట ఎక్కువ పడుతుంది.

అతన్ని ఒప్పించింది నా ఉపన్యాసం కాదు. ఆర్-22 ధర. ప్రపంచమంతా ఆ గ్యాసు తయారీ తగ్గించుకుంటూ వస్తుంటే రేటు పెరుగుతోంది. పాత గ్యాసు లాగి సిలిండరులో పట్టి, లీకు అతికించి, అదే గ్యాసు తిరిగి ఎక్కిస్తే అతనికి మిగిలేది ఎక్కువ. మొదటి వారం మా నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నారట. ఖాళీ సిలిండరు తూకం, నిండు సిలిండరు తూకం, తేడా. ఆయనకి ఎవరూ ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది! ఒక పాత నోట్ బుక్కులో గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టారు. తేదీ, ఇల్లు, గ్యాసు రకం, గ్రాములు.

ఇప్పుడు వేసవిలో ఆ కుర్రాడు రోజూ సాయంత్రం వెళ్తూ వెళ్తూ మా ఇంటి ముందు బండి ఆపి, ఆ రోజు లెక్క చెప్పి పోతాడు. అన్ని ఇళ్లలోనూ చేస్తాడని నేననను. తొందరలో సగం ఇళ్లలో మానేస్తాడు. ఆ సంగతి నాన్నకీ తెలుసు. "చేసిందే చెబుతాడు, చెయ్యనిది చెప్పడు, పర్లేదు" అంటారు. 2025 వేసవిలో ఆ పుస్తకంలోకి 41 ఇళ్లు ఎక్కాయి. మొత్తం 19 కిలోల 600 గ్రాములు. అందులో ఎక్కువ ఆర్-22 కాబట్టి, సుమారు 35 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క. ప్రపంచానికి ఇది సముద్రంలో కాకిరెట్ట. నాన్నకి మాత్రం ముప్ఫయ్యారేళ్ల రిజిస్టరులో రాయకుండా మిగిలిపోయిన కాలమ్ అది.

సముద్రంలో కాకిరెట్ట అని నవ్వి ఊరుకోనక్కర్లేదు. ఈ గ్యాసుల విషయంలో మనుషులు ఒకసారి నిజంగానే మాట మీద నిలబడ్డారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్‌కి చిల్లు పడిందని తేలింది. రెండేళ్లకే, 1987 సెప్టెంబర్ 16న, మాంట్రియల్‌లో ఒప్పందం మీద సంతకాలు చేశారు. తర్వాత ప్రపంచంలోని దేశాలన్నీ అందులో చేరాయి. ఇండియా 1992లో చేరింది. సీఎఫ్‌సీల తయారీ ఆగిపోయింది. 2066 నాటికి ఆ చిల్లు పూడుతుందని శాస్త్రవేత్తల అంచనా. రామనాథన్ 1975లో చెప్పిన సంగతి వల్ల ఇంకో లాభం కూడా దక్కింది. ఓజోన్ కోసం చేసిన ఆ పని, భూమి వేడిని తగ్గించడంలో క్యోటో ఒప్పందం మొదటి దశ లక్ష్యం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ మేలు చేసింది.

సీఎఫ్‌సీల బదులు వచ్చిన కొత్త గ్యాసులు ఓజోన్‌ని ముట్టుకోవు కానీ, వేడి లెక్కలో అవీ తక్కువవి కావు. అందుకే 2016 అక్టోబర్‌లో ర్వాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ మళ్లీ కూర్చుని వాటినీ తగ్గించుకుందామని ఒప్పుకున్నాయి. అమెరికా, ఇండియా రెండూ అందులో ఉన్నాయి. అది సరిగ్గా నడిస్తే ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడి తప్పుతుంది. 2024లో భూమి సగటు వేడి, పరిశ్రమలు రాక ముందు కాలంతో పోలిస్తే డిగ్రీన్నర పెరిగింది. అందులో అర డిగ్రీ అంటే మాటలు కాదు. ఇంకోవైపు, 160 కోట్లున్న ఏసీలు 2050 నాటికి 560 కోట్లవుతాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో చెప్పింది. వాటిలో చాలా భాగం మన ఊళ్లలాంటి ఊళ్లలోనే. వాళ్లని వద్దనడానికి మనమెవరం? ఆ ఏసీల్లో ఏ గ్యాసు పోస్తారు, పాడైతే దాన్ని పట్టుకుంటారా వదిలేస్తారా అన్నదే ప్రశ్న.

కాబట్టి ఈ సంచికకి మీకు నా మనవి రెండు ముక్కలు. మన దేశంలో అమ్మానాన్నలకి ఏసీ కొనిస్తుంటే ఆర్-32 ఉన్నది చూడండి. దాని వేడి ఆర్-22లో మూడో వంతు పైచిలుకే. ప్రొపేన్ గ్యాసుతో నడిచేవీ దొరుకుతున్నాయి, వాటి వేడి లెక్క దాదాపు సున్నా. 24 డిగ్రీల మీద పెట్టమని చెప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. రెండోది, ఏటా గ్యాసు కొట్టించాల్సి వస్తోందంటే అది రివాజు కాదు, లీకు. అక్కడైనా, ఇక్కడైనా.

ఇక్కడైనా అన్నాను కాబట్టి మళ్లీ నా సంగతికి వస్తాను.

నా యూనిట్‌లో ఉన్న గ్యాసు ఆర్-410ఏ. కిలోకి రెండు వేల కిలోలకి పైగా లెక్క. పోయింది నాలుగు పౌండ్లు, అంటే 1,800 గ్రాములు. దాదాపు 3.8 టన్నులు. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాసిన ఇళ్లలో నాలుగిళ్ల కష్టం నేనొక్కణ్ణే నా పెరట్లోంచి చప్పుడు లేకుండా వదిలేశాను. రెండేళ్లుగా కరెంటు బిల్లు పెరుగుతోంది, ఏసీ ఆగకుండా తిరుగుతోంది, నేను ఎండల్ని తిట్టుకున్నానే తప్ప ఒక్కసారి చెక్ చేయించలేదు. కొత్తగూడెం కుర్రాడికి మెషిన్ కొనిచ్చిన పెద్దమనిషిని నేను!

మూడు ఆదివారాలు దాచాను. నాలుగో ఆదివారం చెప్పేశాను. పాత యూనిట్ మార్పించామని, కొత్తదాంట్లో గ్యాసు వేడి పాతదాంట్లో మూడో వంతులోపేనని కూడా కలిపాను, తీర్పు కాస్త తేలిగ్గా వస్తుందని.

నాన్న తిట్టలేదు. "ఉండు" అన్నారు. సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు తిప్పిన చప్పుడు వినబడ్డాయి.

"తేదీ చెప్పు" అన్నారు.

చెప్పాను.

"గ్యాసు రకం?"

చెప్పాను.

"1,800 గ్రాములు. పోయినవాటి కింద రాస్తున్నా." కాసేపటికి మళ్లీ ఆయనే, "ఈ పేజీలో ఇప్పటిదాకా ఏమీ లేదురా, నీదే మొదటిది" అన్నారు.

తర్వాత అమ్మకి ఫోన్ ఇచ్చారు.